అంబ్రోస్ దాచుకున్న చల్లనీళ్ళు

అంబ్రోస్ అబద్ధాల వల్ల ఓహొయ్‌తెల్ ఊరికి ఒక మేలు ఉండేది. చేపలు తూర్పున ఉన్నాయని ఆయన చెప్పిన రోజున ఊరి పడవలన్నీ పడమరకు పోయేవి. నిండుగా రాకపోయినా ఖాళీగా మాత్రం తిరిగి వచ్చేవి కావు. నలభై ఏళ్ళలో ఒక్క రోజు కూడా ఆయన నోరు జారి నిజం చెప్పి ఎవరినీ ఇబ్బంది పెట్టలేదు. ఆయన సొంత చోటు మాత్రం ఎవరికీ చిక్కలేదు. ఎందుకంటే అది తూర్పునా లేదు, పడమరనా లేదు.

ఆయన భార్య పాస్కలీనా ఆ అబద్ధాలు వింటూ వింటూ అరవై ఏడేళ్ళకు వచ్చింది. ఆ వేడి సంవత్సరం సంగతే తీసుకోండి. సముద్రం కాగిపోయి, పగడాలన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడి చచ్చిపోయి, ఊళ్ళో ఎవరి గాలానికీ ఈనెపుల్లంత చేప తగలని రోజులవి. అంబ్రోస్ మాత్రం ఎర్రమచ్చల చేపలు మూరెడేసివి తెచ్చి గుమ్మం ముందు పడేసేవాడు. ఎక్కడివని అడిగితే జవాబు సిద్ధంగా ఉండేది.

"నీళ్ళు ఎంత కాగాయంటే, చేపలు ఉడికి పైకి తేలుతున్నాయి. నేను మిరపకాయలూ నిమ్మకాయా పట్టుకుని పోతున్నానంతే. మధ్యాహ్నం నలుగురం కూర్చుని అక్కడే తినేశాం."

"నలుగురెవరు?"

"నేను, రెండు కొంగలు, ఒక తాబేలు. తాబేలుకి కారం పడలేదు పాపం."

నిజం అడగడం ఆ ఊళ్ళో మర్యాద కాదు. ఎవరి చోటు వాళ్ళది. గట్టు మీద నిలబడి దాని పేరు ఎత్తకూడదు, సముద్రం వైపు వేలు చూపకూడదు. ఎత్తితే గాలి ఆ మాట మోసుకుపోతుంది, చేప వింటుంది. భార్యలు కూడా అడగరు. పాస్కలీనా కూడా ఎప్పుడూ అడగలేదు.

అడగవలసిన అవసరం ఆమెకు లేకపోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కిందట, రెండోవాడు చంటిబిడ్డగా ఉన్నప్పుడు, మొగుడు పొద్దున్నే తలకు కొబ్బరినూనె రాసుకుని, పాపిడి తీసుకుని మరీ వేటకు పోవడం ఆమె కనిపెట్టింది. చేపల కోసం పాపిడి ఎవరు తీస్తారు? ఎదుటి దీవిలో ఎవతో ఉందని ఆమెకు అనుమానం తగిలింది. ఒకనాడు బిడ్డను ఒళ్ళో కట్టుకుని, అన్న పడవ తీసుకుని దూరదూరంగా వెంటపడింది. దీవి దక్షిణపు కొసను చుట్టి పోయేసరికి నడిసముద్రంలో లంగరు రాయి దించి పడవ ఆపి ఉంది. అందులో అంబ్రోస్ వెల్లకిలా పడుకుని గాలితో మాట్లాడుతున్నాడు. చెవి ఒగ్గి విన్నది. ఆ సాయంత్రం ఊళ్ళో చెప్పబోయే అబద్ధాన్ని ఆయన వల్లె వేసుకుంటున్నాడు. జనం నవ్వవలసిన చోట ఆగి, వాళ్ళ నవ్వు కూడా తనే నవ్వి, మళ్ళీ సాగుతున్నాడు.

ఆమె బిడ్డ నోటి మీద చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరిగింది. సిగ్గూ వచ్చింది, సంతోషమూ వచ్చింది. తెడ్డు వేస్తున్నప్పుడు చేతికి తగిలిన నీళ్ళు బావి నీళ్ళలా చల్లగా ఉండటం ఒక్కటి ఆమెకు గుర్తుండిపోయింది. ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అంబ్రోస్ కళ్ళకు పొరలు కమ్మాయి. ఐదేళ్ళుగా సముద్రం మీదికి పోలేదు. పట్నం పోయి ఆపరేషన్ చేయించుకో అంటే, చూడవలసినవన్నీ చూసేశాను, మిగిలినవి వినిపిస్తున్నాయి అంటాడు. పడవ అల్లుడికి ఇచ్చేశాడు. పళ్ళు వాటంతట అవే పోయాయి.

ఆ ఏడు తూర్పు గాలులు తగ్గే కాలంలో అంబోన్ పట్నం నుంచి యోసీనా అనే పిల్ల వచ్చింది. చేపల శాఖ పని. చచ్చిపోయిన పగడాల్ని మళ్ళీ మొలిపించడానికి సర్కారు ఈ చుట్టుపక్కల ఊరికొక పగడపు దిబ్బ చొప్పున ఎంచుకోనిస్తుంది. ఒక్కటే. ఆ ఒక్కదాన్ని ఐదేళ్ళు ఎవరూ వేటాడకుండా మూసి కాపాడాలి. ఏది మూయాలో ఊరే తేల్చుకోవాలి. ఆ పిల్ల పాస్కలీనా ఇంటి ముందు గదిలోనే దిగింది. ఊరి పెద్ద గెరార్డ్ వీధి అరుగు మీద సముద్రం పటం పరిచాడు. ఇంటికి పది మొక్కజొన్న గింజలు ఇచ్చారు.

"మీకు ఏ దిబ్బ అన్నిటికన్నా ముఖ్యమో, దాని మీద గింజలు పెట్టండి," అంది యోసీనా.

పాపం, చదువుకున్న పిల్ల. తన చోటు ఎక్కడుందో పెళ్ళానికే చెప్పని మగవాళ్ళను పట్టుకుని, పదిమందిలో, పట్టపగలు, దాని మీద గింజ పెట్టమంది. ఒక్కొక్కడూ వచ్చాడు. ఎంతో ఆలోచించినట్టు గడ్డం గోక్కున్నాడు. తన చోటుకు ఎంత దూరంగా పెట్టగలడో అంత దూరంగా పెట్టి పోయాడు. చివరికి గింజల్లో సగం ఇరవై ఏళ్ళ కిందట చేపల కోసం బాంబులేసి పిండి చేసిన చచ్చు దిబ్బ మీద పడ్డాయి. మిగిలిన సగం ఊరి ముందరి ఏరుకునే దిబ్బ మీద పడ్డాయి. అక్కడ మగవాడెవడూ గాలం వేయడు. అది ఆడవాళ్ళ చోటు. పోటు తీసినప్పుడు బుట్టలు పట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో గవ్వలూ నత్తలూ ఏరుకునేది అక్కడే.

యోసీనా రెండూ దిగి చూసి వచ్చి భోజనాల దగ్గర చెప్పింది. తాతను తేతె, అవ్వను నెనె, పెద్దమనిషిని బాపా అనడం అక్కడి వాడుక. "చచ్చు దిబ్బ మీద ఏమీ లేదు తేతె. గులకరాళ్ళు తప్ప. అక్కడ మళ్ళీ పగడం మొలవాలంటే ప్రవాహానికి ఎగువన ఎక్కడో ఒక తల్లి దిబ్బ ఉండాలి. వేడికి చావనిది. దాని గుడ్లు ప్రవాహంలో కొట్టుకొచ్చి ఇక్కడ పడాలి. అలాంటివి అడుగునుంచి చల్లనీళ్ళు ఎగదన్నే చోట బతుకుతాయి. ఈ ఊళ్ళో ఎవరినడిగినా తెలియదంటున్నారు."

పాస్కలీనా చేతిలో గరిటె ఆగింది.

"దొరక్కపోతే?" అంది.

"శనివారం ఓడకు నా కాగితాలు పోవాలి నెనె. దొరక్కపోతే ఆడవాళ్ళ దిబ్బే మూయాలి. దాని అంచున కాస్త పగడం మిగిలి ఉంది."

"ఐదేళ్ళా?"

"ఐదేళ్ళు."

"ఎవడు పెట్టాడు ఆడవాళ్ళ దిబ్బ మీద అన్ని గింజలు?" అన్నాడు అంబ్రోస్ కోపంగా. "బుద్ధి ఉండక్కర్లేదా?"

యోసీనా నీళ్ళు తాగి, గ్లాసు దించి, మెల్లగా అంది. "మీ పదీ అక్కడే ఉన్నాయి తేతె. దక్షిణం వైపు తప్ప ఊరికి దగ్గరగా ఎక్కడో ఒకచోట పడెయ్యమని గెరార్డ్ బాపాకు మీరే చెప్పారట."

అంబ్రోస్ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. పాస్కలీనా ఆయన కంచంలో ఇంకో చేపముక్క వేసి, ముళ్ళు తీసి పక్కన పెట్టింది. రోజూ తీసినట్టే.

మర్నాడు పోటు తీయగానే ఆమె బుట్ట పట్టుకుని దిగింది. ఆ దిబ్బ ఆమెకు కళ్ళతో పని లేకుండా తెలుసు. ఎక్కడ ఇసుక మెత్తబడుతుందో, ఏ రాయి కింద ఆక్టోపస్ కాపురం ఉంటుందో, అరికాళ్ళే చెబుతాయి. పన్నెండేళ్ళ పిల్లగా అమ్మ వెనక నడిచింది. పిల్లలు కడుపున ఉన్నప్పుడు నడిచింది. పెద్దకొడుకు చనిపోయిన ఏడు ఎవరితోనూ మాట్లాడలేక రోజూ ఇక్కడికే వచ్చి వంగి ఏరుకుంది. వంగిన మనిషి మొహం ఎవరూ చూడరు.

"ఇక ఏరుకోవే, ఏరుకో," అంది పక్కనున్న రుఫీనా. "శనివారం తర్వాత మనిద్దరం ఇంట్లో కూర్చుని ఒకరి తలలో పేలు ఒకరం ఏరుకుందాం. మీ ఆయన గింజలు బాగా నాటాడు."

"ఆయనకు కనబడదు."

"నీ ఇంట్లో ఎవరికీ కనబడదు. నీకు మరీను."

ఆ రోజు పాస్కలీనా నీళ్ళు నడుం దాకా వచ్చేవరకు గట్టెక్కలేదు. ఒక్క మాట చాలు. యోసీనా చెవిలో, దక్షిణపు కొస దాటి చూడమ్మా, అంటే చాలు. మూడుసార్లు ఆ పిల్ల గది గుమ్మం దాకా పోయింది. మూడుసార్లూ తిరిగి వచ్చేసింది. కళ్ళు పోయినవాడు, పడవ పోయినవాడు. ఎవరూ తీసుకోకుండా ఆయన దగ్గర మిగిలింది ఆ చోటొక్కటే. దాన్ని తలుచుకునే పగలంతా మెట్ల మీద కూర్చోగలుగుతున్నాడు. అది తన నోటితో తీసేయలేదు. ఐదేళ్ళు దిబ్బ లేకుండా బతకొచ్చు అనుకుంది. అనుకోగానే చెయ్యి గోడకున్న బుట్ట కోసం వెతికింది.

అంబ్రోస్ మెట్ల మీద కూర్చుని దూరంగా ఆడవాళ్ళ మాటలు విన్నాడు. వాళ్ళ మధ్య తన భార్య గొంతు వినిపించలేదు. రెండు రోజులు అలాగే విన్నాడు. ఆ రెండు రోజులూ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఊరివాళ్ళు ఒంట్లో బాగా లేదేమోనని పరామర్శించి పోయారు.

శుక్రవారం పొద్దున్న గెరార్డ్ వచ్చి, రేపటి కాగితం మీద వేలిముద్రలు పెట్టాలన్నాడు. అంబ్రోస్ లేచి నిలబడ్డాడు.

"చల్లనీళ్ళ చోటు నాకు తెలుసు."

గెరార్డ్ పడీపడీ నవ్వాడు. "చెప్పు తేతె. ఉత్తరానా? అయితే దక్షిణానికి పోతాం."

"దక్షిణానే."

"అయితే ఉత్తరానికి పోదాం."

"గెరార్డ్, నువ్వు పుట్టినప్పుడు నీ బొడ్డు కోసిన కత్తి మా ఇంట్లోది. దాని మీద ఒట్టు. దక్షిణాన."

"ఆ కత్తితో తిమింగలాన్ని కోశానని చెప్పావు కదా మొన్న."

"రెండూ కోశాం. చిన్న తిమింగలం."

యోసీనా ఈ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నా దగ్గర ఒక ప్రయాణానికి సరిపడా పెట్రోలు ఉంది," అంది. "తేతె ఎటు చెబితే అటు."

అంబ్రోస్ భార్య ఉన్న వైపుకు తిరిగాడు. "మాయితువా, ముసలిదానా, నువ్వూ రావాలి. గుర్తులు నాకు కనబడవు. నేను చెబుతాను, నువ్వు చూడు."

గెరార్డ్ పడవ మోటారు మోతలో అంబ్రోస్ ఆమె చెవి దగ్గర రెండు చేతులూ దొప్పలా పట్టి, నలభై ఏళ్ళ గుట్టు విప్పాడు. చర్చి గంట గోపురం మీది శిలువ వచ్చి కొబ్బరితోట చివరి చెట్టు తల మీద ఆనాలి. ఇటు జంట కొండల సందులో చిన్న దీవి పూర్తిగా దూరిపోవాలి. రెండూ ఒక్కసారే కుదిరిన చోట రాయి దించాలి. ఆమె మొదటిసారి వింటున్నట్టు తల ఊపింది.

తల ఊపుతూనే ఉలిక్కిపడింది. పాత గంట గోపురం నాలుగేళ్ళ కిందటి గాలివానకు కూలిపోయింది. కొత్తది నలభై అడుగులు పక్కకు, గుట్ట మీద కట్టారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, కొత్త గోపురానికి ఆయన కూడా ఇసుక మోశాడు. కానీ ఆయన మనసులో సముద్రం మీంచి కనిపించే ఊరు వేరు. అందులో పాత గోపురం ఇంకా నిలబడే ఉంది. గట్టు మీద నలభై అడుగులంటే సముద్రం మీద ఎంతో దూరం. చెబుదామా అనుకుంది. చెబితే, నీకెలా తెలుసంటాడు. దగ్గరలోనే ఉంటుందిలే అని ఊరుకుంది.

గుర్తులు కుదిరాయి. రాయి దించారు. యోసీనా కళ్ళకు నీటి అద్దం పెట్టుకుని మునిగింది. కాసేపటికి తేలింది.

"ఇసుక తేతె. ఇసుకా, ఒక పాత చెప్పూ."

గెరార్డ్ పడవ అంచు పట్టుకుని నవ్వాడు. "ఎడమ కాలిదా, కుడి కాలిదా అమ్మాయీ? తాబేలుదేమో కనుక్కో."

అంబ్రోస్ నవ్వలేదు, కథా అల్లలేదు. మళ్ళీ చూడమ్మా, అన్నాడు. ఇక్కడే, అన్నాడు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ చూడాలో తెలియనివాడిలా అటూ ఇటూ తల తిప్పాడు. బతుకులో ఒక్కసారి నిజం చెబితే సముద్రమే కాదంది. పాస్కలీనాకు ఆ మొహం చూడబుద్ధి కాలేదు. పడవ అంచు మీంచి వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉన్నాయి. పాత గోపురం ఎటు ఉండేదో మనసులో లెక్క కట్టుకుంది.

"గెరార్డ్, మెల్లగా పోనీ," అంది. "పొద్దు నీ కుడి భుజం మీద ఉండాలి."

"ఎటు నెనె?"

"పోనీయవయ్యా."

చెయ్యి నీళ్ళలోనే ఉంచింది. వెచ్చన. వెచ్చన. కొంతసేపటికి వేళ్ళ చివర్లు తెలిశాయి. తర్వాత అరచెయ్యి. తర్వాత మణికట్టు దాకా, బావిలో చేద దించినప్పుడు తగిలే చల్లదనం.

"ఇక్కడ," అంది.

యోసీనా మునిగింది. ఎంతసేపటికీ పైకి రాదే. ఊపిరి కోసం తేలి, మళ్ళీ మునిగి, అలా నాలుగుసార్లు. అంబ్రోస్ కూడా తన చెయ్యి నీళ్ళలోకి దించాడు. గుర్తుపట్టాడు.

"నీకెలా తెలుసే?"

"రెండోవాడు పాలు తాగే రోజుల్లో ఒకసారి నీ వెనక వచ్చాను."

"ఎందుకు?"

"నువ్వు తలకు నూనె రాసుకునేవాడివి."

అంబ్రోస్ రెండో చేత్తో నెత్తి తడుముకున్నాడు. గెరార్డ్ మోటారు సరిచూసుకుంటున్నట్టు అటు తిరిగి కూర్చున్నాడు.

"ఎండకు మాడు కాలకుండా రాసుకునేవాణ్ణి," అన్నాడు అంబ్రోస్. "అయితే ఇన్నేళ్ళూ నేను చెప్పినవన్నీ, కొంగలు, తాబేలు..."

"అన్నీ విన్నాను."

"తెలిసి విన్నావా?"

"తెలిసే విన్నాను."

ఆయన గొంతు తగ్గించాడు. "ఆ రోజు నేను ఏది చెప్పుకుంటున్నాను?"

"ప్రవాహం నీ గడ్డం గీసిందని. అప్పటినుంచి సబ్బు కొనడం మానేశావని."

"బాగా చెప్పానా?"

"సాయంత్రం ఇంకా బాగా చెప్పావు."

ఆయన నీళ్ళలోంచి చెయ్యి తీసి, తడిచేత్తోనే ఆమె మోకాలి మీద వేశాడు. ఆమె తీయమనలేదు.

యోసీనా పడవ అంచు పట్టుకుని పైకి వచ్చింది. పెదవులు నీలంగా ఉన్నాయి, పళ్ళు కొట్టుకుంటున్నాయి.

"కొమ్ముల పగడాలు. గుండ్రాళ్ళలాంటివి, ఒక్కొక్కటీ ఈ పడవంత. అన్నీ బతికే ఉన్నాయి తేతె. కింద గుహలోంచి వస్తున్నాయి చల్లనీళ్ళు." అని సంచిలోంచి మూడు నారింజపళ్ళు తీసి నీళ్ళలోకి విసిరింది.

"అయ్యో, తినే పండ్లు," అంది పాస్కలీనా.

"ఎటు పోతాయో చూడాలి నెనె. పగడాల గుడ్లూ అటే పోతాయి."

నారింజపళ్ళు తలలూపుకుంటూ బయలుదేరాయి. చచ్చు దిబ్బ వైపు, దాని అవతల ఆడవాళ్ళ దిబ్బ వైపు. గెరార్డ్ మోటారు ఆపి వాటి వెనకే పడవను వదిలాడు. యోసీనా గడియారం చూసి రాసుకుంది. ఒక పండు దారిలో చేప పాలైంది. అంబ్రోస్ అది ఎంత పెద్ద చేపో చెప్పబోయి, ఎందుకో ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం అరుగు మీద మళ్ళీ పటం పరిచారు. ఈసారి గింజలు పెట్టలేదు. అంబ్రోస్ లేచి, దక్షిణపు కొస అవతల నా చోటుంది, అది మూయండి, నేనింక దాన్ని నాదనను, అని చెప్పి కూర్చున్నాడు. మిగిలిన కథ కోసం ఊరంతా ఎదురుచూసింది. ఇంకేమీ లేదని తెలిసేసరికి, మూలనున్న ఒక ముసలివాడు లేచి గొంతు సవరించుకున్నాడు. చచ్చు దిబ్బ మీద గింజలు తను ఊరికే పెట్టాడన్నాడు. ఇంకొకడు లేచాడు. తనూ అంతేనన్నాడు. వరసగా లేచారు. ఎవరూ తమ చోటు ఎక్కడో మాత్రం చెప్పలేదు. అంతవరకూ అడగడం కూడా బాగుండదు.

తల్లి దిబ్బను మూయడం, దాని నుంచి రాలిన ముక్కలు తెచ్చి చచ్చు దిబ్బ మీద నాటడం, ఆడవాళ్ళ దిబ్బను ఆడవాళ్ళకే వదిలేయడం ఖాయమైంది. యోసీనా కలం తీసింది.

"ఈ చోటు పేరు?"

ఎవరికీ తెలియదు. ఎవరూ ఎప్పుడూ పలకని చోటు అది.

"పాస్కలీనా అని రాయి," అన్నాడు అంబ్రోస్.

"వద్దు," అంది పాస్కలీనా వెంటనే. "రేపు మీరు బోర్డు పెడతారు. పాస్కలీనా ఐదేళ్ళు మూసివేయబడింది, ఎవరూ దగ్గరికి పోరాదు అని. నా మనవలు కూడా రారు."

అరుగు అరుగంతా నవ్వింది. చల్లనీళ్ళు అని రాసుకుంది యోసీనా.

సోమవారం గెరార్డ్ హవేర్ అనే లేత కొబ్బరాకు నిషేధపు గుర్తు కట్టిన గుంజను పడవలో దక్షిణానికి తీసుకుపోయి నాటి వచ్చాడు. ఆ ఆకు కట్టిన చోట గాలం వేసినవాడు ఊళ్ళో తలెత్తుకోలేడు. అంబ్రోస్ వెళ్ళలేదు. రమ్మని ఎవరూ బలవంతం చేయలేదు. ఆ రోజంతా ఆయన మెట్ల మీద కూర్చోలేదు. ఇంట్లో అటూ ఇటూ తిరిగి, తగలకూడనివన్నీ కాలికి తగిలించుకున్నాడు.

మంగళవారం పోటు తీసింది. పాస్కలీనా బుట్ట తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి, ఇంకో బుట్ట తీసింది.

"లే పాయితువా, లే ముసలోడా."

"నేనా? ఆడవాళ్ళ దిబ్బకా? ఊరు నవ్వుతుంది."

"నవ్వించడం నీకు కొత్తా?"

మోకాలి లోతులో ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. ఆమె అడుగు తీసిన చోట ఆయన అడుగు వేస్తున్నాడు. రుఫీనా నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"ఏం తేతె, మగవాళ్ళ సముద్రం అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా. నిన్న మడిచి పెట్టెలో పెట్టేశాను."

పాస్కలీనా వంగి, రాతి కింద చెయ్యి పెట్టి ఒక నత్తను తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి తడిమి, చెవి దగ్గర పెట్టుకుని, వాసన చూసి, ఒక పేరు చెప్పాడు.

"కాదు," అంది ఆమె. "మళ్ళీ చూడు."